బ్లాకు ఎవరి దగ్గరుంది?

మా ఆయనకు క్యాన్సర్ అని తేలకముందు కొన్ని వారాలు టీబీ మందులు వాడాం. ఈ మాట చెప్పగానే వినేవాళ్లు "ఆ డాక్టర్ని ఊరికే వదిలేశారా?" అని మండిపడతారు. నాకు ఆయన మీద కోపం లేదు. మెడలో గడ్డలా బిళ్ల కట్టి, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడి, రాత్రిళ్లు చెమటలు పట్టి, మనిషి చిక్కిపోతుంటే మన దేశంలో ఏ డాక్టరైనా ముందు టీబీ వైపే చూస్తాడు. ఎక్కువసార్లు అదే అవుతుంది కూడా. నా కోపమంతా ఆ తర్వాతి కాలం మీద. జబ్బు పేరు తేలడానికి పట్టిన అన్ని వారాల్లో డాక్టర్లు ఆలోచించడానికి పట్టింది కొంచెమే. మిగతాదంతా ఒక డబ్బా, ఒక కాగితం, ఒక మైనపు దిమ్మ ఈ కౌంటర్ నుంచి ఆ కౌంటర్‌కు కదలడానికి పట్టింది.

మాది ఖమ్మం. ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మాది మేనరికం, అందుకే చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. దసరా సెలవుల్లో ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ "ఇదేంటో చూడవే" అని మెడ ఎడమ పక్క చూపించాడు. చర్మం కింద బిళ్ల. నొక్కితే నొప్పి లేదు, కాస్త అటూ ఇటూ కదులుతోంది. పన్ను పుచ్చిపోయి చాలా రోజులైంది కదా, దాని వల్లే అనుకున్నాం. మా వీధి ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ ఇచ్చాడు. బిళ్ల అలాగే ఉంది.

అప్పటికే బెల్టుకు మేకుతో ఇంకో బెజ్జం పెట్టుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. రాత్రి చెమటలు మాత్రం నాకు కనబడుతూనే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతున్నా బనియను పిండితే నీళ్లు కారేవి. దిండు గలేబులు రోజూ ఉతికేదాన్ని. కాళ్లు ఒకటే దురద. మచ్చా లేదు, దద్దుర్లూ లేవు, దువ్వెన పెట్టి గీరుకునేవాడు. దురదకూ మెడ బిళ్లకూ సంబంధం ఉంటుందని ఎవరికైనా ఎలా తడుతుంది? ఆయింట్‌మెంట్ కొన్నాం.

ఊళ్లోనే ఛాతీ డాక్టర్‌కు చూపిస్తే మెడకు అల్ట్రాసౌండ్, ఆ తర్వాత సూది పరీక్ష రాశారు. సన్న సూది గుచ్చి లోపలి కణాలు లాగి చూసేది. టీబీకి చేసే సీబీనాట్ పరీక్షలో ఏమీ కనబడలేదు. కానీ బిళ్లల్లో టీబీ ఉన్నా ఆ పరీక్షలో ఒక్కోసారి దొరకదట, అది నిజమేనని తర్వాత ఇంకో డాక్టర్ కూడా చెప్పారు. సూది రిపోర్టులో వాపు కణాలు టీబీలో ఉండే తరహాలో ఉన్నాయని రాశారు. దాంతో ప్రభుత్వ టీబీ కేంద్రంలో పేరు రాయించి, ఉచితంగా ఇచ్చే మాత్రలు మొదలుపెట్టాం. మర్నాడే బాత్రూంలోంచి "ఇటు రా" అని అరుపు. మూత్రం కాషాయం రంగులో ఉంది. రిఫాంపిసిన్ వేసుకుంటే అలాగే వస్తుందని ఎవరూ ముందు చెప్పలేదు, మనిషి తెల్లబోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. టీబీ రోగులకు పోషకాహారం కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు. మాకు అది పడేసరికి క్యాన్సర్ అని తేలిపోయింది.

మాత్రలు వేసుకుంటుంటే బిళ్ల తగ్గలేదు సరికదా, పక్కన ఇంకోటి వచ్చింది. ఛాతీకి సీటీ తీస్తే గుండెకు పైన, ఊపిరితిత్తుల మధ్య కూడా బిళ్లలు ఉన్నాయి. ఆ ఛాతీ డాక్టరే ఫిల్ము లైటు ముందు పెట్టి చాలాసేపు చూసి, "ఇక సూదులతో పని కాదమ్మా, ఒక బిళ్ల మొత్తంగా తీయించి ముక్క పరీక్ష చేయించాలి. హైదరాబాద్ వెళ్లండి, నేను ఉత్తరం రాస్తాను" అన్నారు. లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, అనే మాట ఆ ఉత్తరంలో మొదటిసారి చూశాను, పక్కన ప్రశ్నార్థకంతో. నాకు ఆయన మీద కోపం లేదన్నది ఇందుకే. తన మొదటి అంచనా తప్పు కావచ్చని కాగితం మీద రాసిన మనిషి ఆయన.

ఎక్కడికి వెళ్లాలన్న చర్చ ఇంట్లో రెండు రోజులు నడిచింది. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జేకి వెళ్లమన్నారు కొందరు, రాష్ట్రంలో క్యాన్సర్‌కు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి అదే. మా ఆడబిడ్డ ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది కాబట్టి, అక్కడి నుంచి తేలిగ్గా వెళ్లగలిగే, ఆరోగ్యశ్రీ ఉన్న ప్రైవేటు ఆసుపత్రి ఒకటి చూసుకున్నాం. దాని పేరు రాయను. మంచీ చెడూ రెండూ అక్కడే చూశాం.

సర్జన్ సార్ మెడ పట్టి చూసి, బిళ్ల మొత్తం తీయాలన్నారు. "మళ్లీ కొయ్యడమెందుకు సార్, సూది రిపోర్టు ఉందిగా" అన్నాడు బావ. ఆయన ఓపిగ్గానే చెప్పారు. ఈ రకం జబ్బులో చెడ్డ కణాలు చాలా కొద్దిగా ఉంటాయి, వాటి చుట్టూ మంచి కణాలే గుంపులుగా చేరతాయి. సూదికి ఆ మంచివే దొరుకుతాయి. పైగా బిళ్ల లోపలి అమరిక ఎలా చెదిరిందో చూడాలంటే బిళ్ల పూర్తిగా కావాలి. బావ కాసేపు ఆలోచించి, "అంటే కాలిన వాసన వచ్చినంత మాత్రాన ఏ కాయిల్ పోయిందో చెప్పలేం, మోటారు విప్పాల్సిందే అంటారు" అన్నాడు. సార్ నవ్వారు. ఆ రోజు నుంచి బావ ఆయన మాటకు ఎదురు చెప్పలేదు.

చిన్న ఆపరేషనే, మత్తు సూది ఆ చోట ఒక్కటే ఇస్తారు. చిన్నది కావడమే మా పాలిట శాపమైంది. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చోబెట్టారు. పెద్ద ఆపరేషన్లు ముందు. అవి పొడుగయ్యాయి. సాయంత్రం చీకటి పడ్డాక ఒక అబ్బాయి వచ్చి "ఈ రోజు అవ్వదన్నా, తినేయండి" అని వెళ్లిపోయాడు. బావ ఏమీ అనలేదు. కింద క్యాంటీన్‌లో ఇడ్లీ పెడితే రెండు ముక్కలు తుంచి ప్లేటు పక్కకు నెట్టాడు. మర్నాడు చేశారు.

ఆ మర్నాటి మధ్యాహ్నం ఎప్పటికీ మర్చిపోను. ఆపరేషన్ గది తలుపు కొంచెం తెరిచి సిస్టర్ రెండు డబ్బాలు నా చేతిలో పెట్టింది. "ఇది పాథాలజీలో, ఇది మైక్రోబయాలజీలో ఇచ్చి రసీదు తెండి." అంతే, తలుపు మూసేసింది. నేను వాటిని అలాగే పట్టుకుని నిలబడ్డాను. మూత గట్టిగా ఉన్నా ఒకదాంట్లోంచి కళ్లు మండే వాసన. అది ఫార్మలిన్. రెండో దాంట్లో మామూలు సెలైన్ నీళ్లు. ఎందుకు రెండని పాథాలజీ కౌంటర్‌లో అడిగితే అక్కడి అమ్మాయి చెప్పింది. ఫార్మలిన్‌లో వేసిన ముక్క పాడవకుండా ఉంటుంది, మైక్రోస్కోప్ కింద చూడటానికి అదే కావాలి. కానీ ఫార్మలిన్ సూక్ష్మజీవులను చంపేస్తుంది, దాంతో టీబీ కల్చర్ చెయ్యలేరు. అందుకే కొంచెం ముక్క సెలైన్‌లో విడిగా పంపుతారు, అది మాత్రం వెంటనే చేరాలి. "మైక్రోబయాలజీ నాలుగింటికి మూస్తారు మేడమ్, పరిగెత్తండి" అంది. అప్పటికి నాలుగు కావస్తోంది. ఆ విభాగం వేరే బ్లాకులో, నాలుగో అంతస్తులో. లిఫ్ట్ ముందు స్ట్రెచర్లు. మెట్లెక్కి వెళ్లేసరికి ఒకాయన షట్టర్ దించుతున్నాడు. "అన్నా, టీబీ మందులు వాడుతున్న మనిషి, టీబీ కాదని తేలాలి" అని ఎలా అన్నానో ఏమో, షట్టర్ మళ్లీ ఎత్తాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా బిళ్ల తీస్తుంటే, ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగండి: సెలైన్‌లో కూడా ఒక ముక్క పంపుతున్నారా, అది ఎవరు తీసుకెళ్తారు అని. మాకు ఆ సర్జన్ సార్ తనంతట తనే గుర్తుపెట్టుకున్నారు. అందరికీ అలా జరగదట.

ఇక అసలు కథ. ముక్క పరీక్ష అంటే రెండు మూడు రోజుల పని అనుకునేదాన్ని. కొంత ఆలస్యం నిజంగా ఉండేదే. ముక్క ఫార్మలిన్‌లో నానాలి, తర్వాత నీరంతా తీసి కరిగించిన పారఫిన్ మైనంలో పెట్టి దిమ్మగా పోస్తారు. దాన్నే బ్లాకు అంటారు. మిల్లీమీటర్‌ను వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు నాలుగు భాగాలంత మందంలో దాన్ని పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేస్తే అది స్లైడు. ఇదంతా తొందరపెడితే అయ్యేది కాదు, దానికి నేను ఎవరినీ తప్పుపట్టను.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. లింఫోమా అనుమానం, ఐహెచ్‌సీ చేస్తే గాని ఖాయంగా చెప్పలేం అని ఉంది. కణాల మీద ఉండే ప్రోటీన్లను ఒక్కోదాన్నీ రంగుతో గుర్తుపట్టే పరీక్ష అది. సరే, చేస్తున్నారనుకుని ఖమ్మం వచ్చేశాం. స్కూల్లో నాకు జీతం కోత పడుతోంది, బావ షాపు మూసి ఉంది. రోజూ ఫోన్ చేస్తున్నాను. "ఎప్పుడొస్తుందండీ?" "రేపు మేడమ్." మళ్లీ మర్నాడు "రేపు". అంతలో సంక్రాంతి వచ్చింది, సెలవులు. పండగ అయ్యాక ఒక రోజు ఫోన్ ఎత్తిన మనిషి మారాడు. కొత్తవాడు కాబోలు, ఓపిగ్గా కంప్యూటర్‌లో వెతికి, "మేడమ్, ఐహెచ్‌సీ ఇక్కడ చెయ్యరు కదా, బయట ల్యాబ్‌కు వెళ్లాలి. దానికి మీరు డబ్బు కట్టలేదు. బ్లాకు బీరువాలోనే ఉంది" అన్నాడు.

పండగంతా అది బీరువాలో కూర్చుంది. డబ్బు కట్టాలని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది వార్డులోనా, ఓపీలోనా, పాథాలజీలోనా అని అడిగితే ముగ్గురూ మిగతా ఇద్దరి వైపు చూపించారు. అబద్ధం ఎవరూ ఆడలేదు, ఎవరి పని వాళ్లు చేశారు. ఒకరి పనికీ ఇంకొకరి పనికీ మధ్య జాగా ఉంది చూశారా, మా రోజులన్నీ అందులో పడిపోయాయి.

ఆ రోజు నుంచి నేను "ఎప్పుడొస్తుంది?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు ఎవరైనా "రేపు" అనగలరు. "ఇప్పుడు బ్లాకు ఎవరి దగ్గరుంది? అది కదలడానికి నేను చెయ్యాల్సింది ఏమైనా ఉందా?" అని అడగడం మొదలుపెట్టాను. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఎదుటివాళ్లు లేచి చూడాలి. చూస్తే సగం పని అయినట్టే.

కొరియర్‌లో పంపితే ఇంకో రెండు రోజులన్నారు. నేనే తీసుకెళ్తానన్నాను. బ్లాకులూ స్లైడ్లూ రోగి అడిగితే సంతకం తీసుకుని ఇస్తారు, రెండో అభిప్రాయానికి వెళ్లేవాళ్లు అలాగే పట్టుకెళ్తారు. ఆ సంగతి పక్క కుర్చీలో కూర్చున్న నల్గొండ ఆవిడ చెప్పింది. ఆసుపత్రి వరండాలో పోగయ్యే జ్ఞానం ఏ బోర్డు మీదా రాసి ఉండదు. పొద్దున ఎక్స్‌ప్రెస్ బస్సులో జీరో టికెట్ మీద హైదరాబాద్ వచ్చి, కౌంటర్‌లో సంతకం పెట్టి, బ్లాకు తీసుకుని మెట్రో ఎక్కాను. రెండు వేళ్ల వెడల్పు ప్లాస్టిక్ క్యాసెట్, అందులో తెల్లటి మైనం, మైనం మధ్యలో గోధుమ రంగు ముక్క. ఎండ తగలనివ్వొద్దన్నారు, హ్యాండ్‌బ్యాగ్‌లో కర్చీఫ్ చుట్టి పెట్టాను. మెట్రోలో కాలేజీ పిల్లలు రీల్స్ చూసుకుంటూ నవ్వుతున్నారు. బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీదే ఉంచాను. ల్యాబ్‌లో రసీదు ఇచ్చినతను "పేషెంట్ ఏమవుతారు?" అన్నాడు. "బావ" అనేశాను, తర్వాత సర్దుకుని "హస్బెండ్" అన్నాను.

ఇంట్లో సంగతి కొంచెం చెప్పాలి. ఈ రోజులన్నిటిలో బావ మాట్లాడింది చాలా తక్కువ. రాత్రి లైటు తీసేశాక ఫోన్ వెలుగు ముఖం మీద పడుతుండేది, ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు, నేను వెతికేదీ అదే. ఒకరోజు ఒప్పందం చేసుకున్నాం. ఫోన్‌లో వెతకడం ఇద్దరం మానాలి, అనుమానాలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని డాక్టర్నే అడగాలి. నేను రాసినవి ఎక్కువ, తను రాసినవి తక్కువ. తన చేతిరాతలో ఉన్న మొదటి ప్రశ్న: "బరువులు ఎత్తొచ్చా?" మోటార్లు ఎత్తకపోతే షాపు నడవదు మరి.

అత్తమ్మ జమలాపురం వెంకన్నకు మొక్కుకుంది. ఆమెకు క్యాన్సర్ అనుమానమని చెప్పలేదు, బిళ్ల గురించి పరీక్షలన్నాం. చుట్టాల ఫోన్లు మాత్రం నేనే ఎత్తేదాన్ని. "ఏం తేలింది?" అని పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. ఏమీ తేలలేదని అన్నిసార్లు చెప్పడం నాకు పరీక్షల కంటే కష్టమైంది. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, బిళ్ల కరిగిపోతుంది అన్న పెదనాన్నకు బావే సమాధానం చెప్పాడు: "పెదనాన్నా, ముందు అదేంటో తెలియనియ్యి, తర్వాత కరిగిద్దాం." చివరికి మా మరిదికి బాధ్యత అప్పగించాను. ఏదైనా తెలిస్తే వాడికి ఒక్కడికే చెబుతాను, మిగతా అందరూ వాడినే అడగాలి. ఇది బాగా పనిచేసింది, ముందే చేయాల్సిందని మరిదే అన్నాడు.

ఐహెచ్‌సీ రిపోర్టు ఒక మధ్యాహ్నం వాట్సాప్‌లో వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలకు బీజగణితం చెబుతున్నాను. ఫైలు పేరు కనబడింది, తెరవలేదు. కలిసి చదువుదామని బావకు మాట ఇచ్చాను. హెడ్మాస్టర్ మేడమ్‌కు చెప్పి షాపుకు వెళ్లాను. యాసంగి నడుస్తోంది, పొలాల్లో పంపుసెట్లు కాలిపోయే కాలం. షాపు నిండా మోటార్లు. బావ నేల మీద కూర్చుని స్టేటర్‌లో తీగ దూరుస్తున్నాడు. నా ముఖం చూసి చెయ్యి ఆపకుండానే "చదువు" అన్నాడు. సీడీ30 పాజిటివ్, సీడీ15 పాజిటివ్, ఇంకా ఏవేవో. చివర్లో: క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమా. నేను ఆగాను. బావ కాసేపు తీగ వైపే చూసి, "నయమయ్యేదేనా?" అన్నాడు. అంతకుముందు క్యాన్సర్ వైద్యం చూసే ఆంకాలజిస్ట్ మేడమ్ అనుమానంగా ఉన్నవాటిలో ఇదైతే మిగతావాటి కంటే మంచిదని, ఎక్కువ మందికి నయమవుతుందని చెప్పి ఉన్నారు. అదే చెప్పాను. "సరే, దీన్ని రైతు సాయంత్రానికి అడిగాడు, పూర్తి చేసి వస్తా" అన్నాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చున్నాను, పని అయ్యేదాకా.

తర్వాత పెట్ స్కాన్. జబ్బు ఎక్కడెక్కడ ఉందో చూసి స్టేజి చెప్పడానికి. ఇది మా చేతి డబ్బే, పదిహేను వేల దాకా అయింది. రాత్రి తిన్నాక ఏమీ తినకుండా పొద్దున్నే రమ్మన్నారు. ముందు రోజే ఆడబిడ్డ ఇంటికి వెళ్లి పడుకుని, తెల్లవారగానే బయల్దేరాం. అక్కడ మాలాంటివాళ్లు అరడజను మంది, అందరూ ఖాళీ కడుపుతో. తొమ్మిదవుతుండగా "ఈ రోజు ఇంజెక్షన్ రాలేదు, మెషిన్ ప్రాబ్లం" అన్నారు. ఒకాయన గొడవకు దిగాడు. నేను మాత్రం నా ప్రశ్నే అడిగాను: ఇంజెక్షన్ ఎవరి దగ్గర ఆగింది? టెక్నీషియన్ మంచివాడు, చెప్పాడు. అది ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన గ్లూకోజు. దాదాపు 110 నిమిషాలకు సగం తరిగిపోతుంది, ఫ్రిజ్‌లో దాచుకునేది కాదు. సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రంలో తెల్లవారుజామున తయారుచేసి ఎప్పటికప్పుడు ఆసుపత్రులకు పంపుతారు. అక్కడ యంత్రం ఆగితే ఆ రోజు అందరి స్కానూ ఆగినట్టే. ఇది విన్నాక నాకు కోపం రాలేదు. కాకపోతే ఆ సంగతి పొద్దున ఆరింటికే తెలిసి ఉంటుంది కదా, ఒక మెసేజ్ పెడితే ఖాళీ కడుపుతో ఊరు దాటి వచ్చేవాళ్లు కాదు కదా అంటే, అతను తల ఊపాడు. మాకు మళ్లీ తేదీ ఇచ్చారు. ఈసారి బయల్దేరే ముందు ఫోన్ చేసి ఇంజెక్షన్ వచ్చిందో లేదో అడగడానికి అతని నంబర్ తీసుకున్నాను.

స్కాన్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట. ఇంజెక్షన్ ఇచ్చాక గంటసేపు చల్లటి గదిలో కదలకుండా, మాట్లాడకుండా పడుకోబెడతారు. చలికి వణికితే మెడ, భుజాల దగ్గరి కొవ్వు కూడా ఆ గ్లూకోజును పీల్చి స్కాన్‌లో మెరుస్తుందట. మెడలోనే జబ్బు ఉన్నవాళ్లకు అది గందరగోళం. దుప్పటి అడిగి తీసుకోండి, లేదా తీసుకెళ్లండి. ఆ రోజంతా గర్భిణులకూ చిన్నపిల్లలకూ దూరంగా ఉండమంటారు. మా పాప ఆరేళ్లది, ఖమ్మంలో అత్తమ్మ దగ్గరుంది. ఆ రాత్రి మేము హైదరాబాద్‌లోనే ఉండిపోయాం.

మెడలోనూ ఛాతీలోనూ ఉంది, పొట్టలోకి దిగలేదు. రెండో స్టేజి, జ్వరం, చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయి కాబట్టి 2బి అన్నారు. ఇన్ని వారాలు పోయాయే అని నేను ఏడిస్తే మేడమ్ నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమేమీ కాలేదమ్మా, ఇకపై ఆపకుండా చూసుకుందాం" అన్నారు.

ఆపడానికి ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితిని 10 లక్షలకు పెంచారు. డబ్బు సంగతి అలా ఉంటే, అప్రూవల్ రావాలంటే కాగితాలన్నీ ఒకే మనిషివని కంప్యూటర్ నమ్మాలి. రేషన్ కార్డులో ఇంటిపేరు ఒక అక్షరం, ఆధార్‌లో పూర్తిగా ఉంది. అది చాలదన్నట్టు ముక్క పరీక్ష రిపోర్టులో వయసు 36కు బదులు 63 అని కొట్టారు. ఆరోగ్యమిత్ర కౌంటర్‌లోని అమ్మాయి అది పట్టుకుంది, లేకపోతే అప్రూవల్ తిరిగొచ్చేది. ల్యాబ్‌కు వెళ్లి వయసు సరిచేయించుకొచ్చాను. ఇంటిపేరుకు ఆధార్ ఆధారంగా సర్దుబాటు చేసి, కార్డులో కూడా మార్పించుకోండని చెప్పి పంపారు. ఈ లోపు గుండెకు ఎకో, ఊపిరి పరీక్ష అయిపోయాయి. ఇవ్వబోయే నాలుగు మందుల్లో ఒకటి గుండెకూ, ఒకటి ఊపిరితిత్తులకూ ఇబ్బంది చెయ్యొచ్చట.

ఒక సంగతి చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెబుతాను, ఎందుకంటే సమయం దాటితే అది అడిగినా లాభం లేదు. ఓపీలో మా వెనక నలుగురు నిలబడి ఉండగా మేడమ్ "ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా?" అని అడిగారు. బావ నేల చూపులు చూశాడు. నేనే "అనుకుంటున్నాం" అన్నాను. ఈ మందులతో పిల్లలు పుట్టకుండా పోయే ప్రమాదం తక్కువే, అయినా కీమోకు ముందే వీర్యం భద్రపరుచుకోవడం మంచిదన్నారు. అప్రూవల్ కోసం ఆగిన రెండు రోజుల్లో ఆ పని చేసుకొచ్చాం. బావ ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు, ఇల్లు చేరాక "మంచిదే చేశాంలే" అన్నాడు.

శివరాత్రికి ముందు మొదటి కీమో. ఎర్రటి మందు ఎక్కిస్తూ సిస్టర్ "మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దన్నా" అని ముందే చెప్పింది. బావ నా వైపు చూసి చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఇంకో సీసాకు వెలుగు తగలకుండా నల్ల కవరు తొడిగితే, దానికెందుకు ముసుగని అడిగి మరీ తెలుసుకున్నాడు.

రెండు సైకిళ్లు, అంటే రెండు విడతల కీమో, అయ్యాక మళ్లీ పెట్ తీయాలి. రెండో సైకిల్ మొదలైన రోజే స్లాట్ రాయించాను, తెల్లవారుజామున టెక్నీషియన్‌కు ఫోన్ చేసి ఇంజెక్షన్ వచ్చిందని తెలుసుకునే బయల్దేరాం. స్కోరు అయిదులో 2 వచ్చింది, మందు బాగా పట్టిందని అర్థమట. ఊపిరితిత్తులకు ఇబ్బంది చేసే మందును ఇక ఆపేశారు, మిగతా మూడూ నడుస్తున్నాయి. చెమటలు మొదటి కీమోకే ఆగిపోయాయి, దురద కూడా. షాపు సగం పూట తెరుస్తున్నాడు, మోటార్లు మరిది ఎత్తుతున్నాడు. బెల్టుకు పెట్టిన కొత్త బెజ్జం ఇప్పుడు పనికిరావడం లేదు.

రేషన్ కార్డులో ఇంటిపేరు మాత్రం ఇంకా మారలేదు. మీసేవలో దరఖాస్తు ఇచ్చి వచ్చాను. నిన్న వెళ్లి, ఫైలు ఎవరి దగ్గరుందని అడిగాను. తహసీల్దార్ ఆఫీసులో అన్నారు. సోమవారం అక్కడికి వెళ్తున్నాను.